మందార కొమ్మకు ఎర్ర ట్యాగు

మూడో మగ్గు నీళ్ళు మందార మొదట్లో పోసేటప్పుడు త్రినాథరావు ఊపిరి బిగబట్టాడు. మగ్గు బకెట్ అంచుకి తగలకూడదు. నీళ్ళు చప్పుడు చేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కొమ్మ కదలకూడదు. యాభై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, గుప్పెడంత గూడు కోసం నడుం వంచి ఒక్కో చుక్కా జారవిడుస్తుంటే చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. చూసేవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది. పొద్దున్న అయిదున్నరకి భిలాయి-3లో రైళ్ళూ కాకులూ తప్ప ఇంకెవరూ పనిలో ఉండరు.

గూట్లోంచి తల్లిపిట్ట అతణ్ణి ఒక కంటితో చూసింది. నల్లటి తల, నెత్తిన కాస్త రేగిన జుట్టు, తోక కింద ఎర్ర మచ్చ. విజయనగరం వైపు దీన్ని పిగిలిపిట్ట అంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన కూతురు ఛాయ మాత్రం బుల్‌బుల్ అంటుంది. పిట్టకి ఏ పేరైనా ఒకటే. అతని ఖాకీ చొక్కాకి అది అలవాటు పడింది, లేవలేదు. దాని పొట్ట కింద మూడు పిల్లలున్నాయి. మొన్ననే కళ్ళు తెరిచాయి. రెక్కల మీద ఈకలు ఇంకా విచ్చుకోలేదు, అగ్గిపుల్లల్లా గట్టిగా నిలబడి ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు, మహా అయితే అయిదు. ఆ తరవాత వాటి దారి అవి చూసుకుంటాయి.

రెండు గదుల అద్దె ఇంటి ముందు, పడమటి వైపున, ఆరడుగుల సిమెంటు గచ్చు. అదే అతని తోట. పెయింటు బకెట్లలో, పగిలిన కుండల్లో, సగానికి కోసిన నూనె డబ్బాల్లో పద్దెనిమిది మొక్కలు. కరివేపాకు, కనకాంబరం, నందివర్ధనం, మల్లె, తులసి, ఎవరో పారేస్తే తెచ్చుకున్న పేరు తెలియని క్రోటన్లు. వాటికి నీళ్ళు పోయడం ఒక్కటే కాదు, రోజూ ఆకులు కూడా కడుగుతాడు. ఫ్యాక్టరీల వైపు నుంచి రాత్రంతా నల్లటి దుమ్ము వచ్చి వాలుతుంది. మూడు రోజులు కడక్కపోతే ఏ ఆకు ఏ మొక్కదో తెలియదు. మందారని మాత్రం మూడు వారాలుగా కడగలేదు. మిగతా పదిహేడూ పచ్చగా మెరుస్తుంటే అదొక్కటే మధ్యలో మసి పట్టి నిలబడింది.

దాని కొమ్మకి ఒక ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. మిల్లులో వాడే ట్యాగు అది. ప్రమాదం, మనిషి పనిలో ఉన్నాడు, చెయ్యి పెట్టవద్దు అని పైన హిందీలో అచ్చు వేసి ఉంటుంది. కింద నాలుగు గీతలు. పేరు, తేదీ, కట్టిన సమయం, విప్పిన సమయం. మొదటి మూడూ త్రినాథరావు తన కుదురైన చేతిరాతతో నింపాడు. త్రినాథరావు, మే నాలుగు, ఉదయం అయిదూ నలభై. నాలుగోది ఖాళీగా ఉంది. సన్నటి ఇనప తీగతో మూడు మెలికలు తిప్పి బిగించాడు.

మిల్లుల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో చంటిపిల్లలకి కూడా తెలిసిన నియమం ఒకటుంది. యంత్రం మీద పనికి దిగే మనిషి గానీ, వాళ్ళ కోసం కరెంటు ఆపే ఎలక్ట్రీషియన్ గానీ దాని స్విచ్చికి తన పేరుతో ట్యాగు కడతాడు. అది వేలాడుతున్నంతసేపూ కరెంటు ఇవ్వకూడదు. పనయ్యాక కట్టినవాడే వచ్చి విప్పాలి. ఇంకొకడు ముట్టకూడదు, వాడు ఎంత పెద్ద ఆఫీసరైనా సరే.

పోయిన వేసవిలో ఇదే మందారలో ఈ పిట్టో, దీని అక్కో గుడ్లు పెట్టింది. ఎండకి మాడిపోతాయని జాలిపడి అతని భార్య పోలమ్మ బకెట్‌ని లాగి తలుపు వారన నీడలో పెట్టింది. ఎంతో దూరం కాదు, మూడడుగులు. పిట్ట తిరిగొచ్చి, గూడు ఉండాల్సిన చోట గాలిలో గింగిరాలు కొట్టి, గోడ మీద వాలి సాయంత్రం దాకా అరిచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. పోలమ్మ మంచికే చేసింది. మంచికి చేసిన పని ఎంత దూరం పోగలదో త్రినాథరావుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు కాబట్టి ఆమెని ఒక్క మాట అనలేదు. ఈ ఏడు మాత్రం గూడు అల్లడం చూడగానే మిల్లు నుంచి ట్యాగు తెచ్చి కట్టేశాడు. నీళ్ళు కూడా తనే పోసుకుంటాననీ, ఇంట్లోవాళ్ళెవరూ ఆ పక్కకే పోవద్దనీ చెప్పాడు. ఇంట్లోవాళ్ళంటే ఇద్దరే, పోలమ్మా, ఛాయా.

పోలమ్మ టీ గ్లాసుతో గడపలోకి వచ్చింది. గడప దాటలేదు. ట్యాగు కట్టిన రోజు నుంచీ ఆ అలవాటు చేసుకుంది.

"ఏటి మావా, ఇంక దండం కూడా పెట్టీ."

ఆమె అతని పెద్దక్క కూతురు. పెళ్ళయి పాతికేళ్ళు దగ్గరపడుతున్నా మావా అనే పిలుస్తుంది. త్రినాథరావు నవ్వి గ్లాసు అందుకున్నాడు. మధ్యాహ్నం పూట అతను చేసే పని మీద ఆమెకి ఇంకా పెద్ద వేళాకోళం ఉంది. మూడున్నర దాకా మందార మీద పక్కింటి రేకుల నీడ ఉంటుంది. ఆ తరవాత ఎండ సూటిగా గూట్లోకే దిగుతుంది. మూడింటికి డ్యూటీ దిగి, సైకిలు గోడకి ఆనించి, మొదట్లో రెండోసారి నీళ్ళు పోసి, త్రినాథరావు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గూటికీ సూర్యుడికీ మధ్య నల్ల గొడుగు పట్టుకుని కూర్చుంటాడు. అయిదు దాటాక వాటర్ ట్యాంకు వెనక్కి సూర్యుడు వెళ్ళేదాకా లేవడు. గోనెపట్టా కట్టి చూశాడు గానీ, వడగాలికి అది కొమ్మకేసి కొట్టుకుంటోంది. పిల్లదానికి జ్వరమొచ్చినప్పుడు కూడా ఇంత సేపు ఒక్కచోట కూర్చోలేదని పోలమ్మ అంటుంది. నిజమే మరి.

ఛాయ పవర్‌హౌస్ బజారులో ఒక మందుల దుకాణంలో బిల్లులు వేస్తుంది. జడ వేసుకుంటూ లోపలి నుంచే తండ్రికి చెప్పింది.

"పాపా, ఆజ్‌సే నౌతపా షురూ. టోపీ మర్చిపోకండి."

ఆ రోజు మొదలయ్యే నౌతపా అంటే ఇక్కడి వాళ్ళకి ఏడాదిలో అన్నిటికంటే మండే తొమ్మిది రోజులు. తెలుగువాళ్ళ లెక్కలో రోహిణి కార్తె, రోళ్ళు పగిలే కాలం. పోలమ్మ ఒక ఉల్లిపాయ తెచ్చి అతని చొక్కా జేబులో వేసింది. జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదని ఛత్తీస్‌గఢీ ఇరుగుపొరుగు చెబితే ఆమె ఇరవై ఏళ్ళుగా నమ్ముతోంది. త్రినాథరావు నమ్మడు గానీ తీసేయడు కూడా. అతని జీవితంలో చాలా వాటి సంగతి అంతే.

చద్దన్నం తిని ఆరుంపావుకి సైకిలెక్కాడు.

అతని తండ్రి కూడా ఇలాగే సైకిలు మీద పనికి వెళ్ళేవాడు, కాకపోతే సర్కారు వాళ్ళ పెద్ద ఉక్కు ప్లాంటులోకి. అప్పుడు సెక్టర్ 6లో కంపెనీ క్వార్టరు ఉండేది. షిఫ్టు వేళకి సెక్టర్ రోడ్లన్నీ సైకిళ్ళే. క్వార్టరు వెనక జామ, నిమ్మ, ముందు గేటు పక్కన ఒక ముద్ద మందార. తండ్రి రిటైరైన రోజు క్వార్టరు ఖాళీ చేస్తూ అందరూ గిన్నెలూ మంచాలూ సర్దుతుంటే త్రినాథరావు ఆ మందార కొమ్మ ఒకటి విరిచి తడిగుడ్డలో చుట్టుకున్నాడు. ఇప్పుడు బకెట్‌లో ఉన్నది దాని మనవరాలో మునిమనవరాలో. త్రినాథరావు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ పాసై, ప్లాంటు పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాడు. తరవాత వయసు దాటిపోయింది. పాత ఇనుము కాల్చి కడ్డీలు తీసే ఒక ప్రైవేటు మిల్లులో చేరాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకున్నది లేదు, చెడ్డగా చెప్పుకున్నదీ లేదు. నోట్లో నాలుక లేని మనిషి అంటారు, అది ఏ లెక్కలో వేసుకోవాలో తెలియదు.

మిల్లులో అతనికి ఒక పేరు మాత్రం ఉంది. తీన్ గాంఠ్ రావు, అంటే మూడు ముళ్ళ రావు. మిగతావాళ్ళు ట్యాగుని దారంతో ముడేసి పోతారు. ఇతను జేబులో తీగ పెట్టుకు తిరుగుతాడు. ఎంత చిన్న పనైనా తీగతో మూడు మెలికలు తిప్పుతాడు, లాగి చూస్తాడు, మళ్ళీ లాగి చూస్తాడు. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. పాతవాళ్ళు నవ్వరు. పదకొండేళ్ళ కిందట ఇతని బావమరిది ట్యాగు తాడు తెగి చచ్చిపోయాడనీ, అప్పటి నుంచీ ఈ జాగ్రత్త అబ్బిందనీ వాళ్ళకి తెలుసు.

తాడు తెగలేదు. ఆ సంగతి త్రినాథరావుకి ఒక్కడికే తెలుసు.

చిట్టిబాబు పోలమ్మ తమ్ముడు. అంటే త్రినాథరావుకి బావమరిదీ, సొంత అక్క కొడుకూ. ఊళ్ళో పనిలేక తిరుగుతున్నవాణ్ణి తనే రైలెక్కించి తెచ్చి మిల్లులో తన పక్కన పెట్టించాడు. ఆరేళ్ళు కలిసి పనిచేశారు. ఆ రోజు చిట్టిబాబు గోతిలోకి దిగి మోటారు బేరింగు మార్చాడు. పైకొచ్చి చేతులు కడుక్కుని, "అయిపోనాది మావా, ఎల్తన్నాను" అన్నాడు. వెళ్ళాడు. స్విచ్చి ప్యానెల్‌కి కట్టిన ట్యాగు విప్పడం మరిచిపోయాడు. అలా మరవడం వాడికి అది మూడోసారి. ఇంకోసారి మరిస్తే ఇంటికి పంపేస్తానని అప్పటి ఫోర్‌మన్ చెప్పి ఉన్నాడు. ఆయన కంట పడకముందే తీసేస్తే వాడి ఉద్యోగం నిలబడుతుందనుకుని త్రినాథరావు ఆ ముడి విప్పి స్విచ్చి వేశాడు. చిట్టిబాబు గేటు దాకా పోయి, పానా కింద వదిలేశానని గుర్తొచ్చి, వెనకదారిన వచ్చి మళ్ళీ గోతిలోకి దిగి ఉన్నాడు.

కేక వినబడి పరిగెత్తినప్పుడు చేతిలో ట్యాగు ఎక్కడ పడిందో త్రినాథరావుకి తెలియదు. ప్యానెల్ కింద దొరికింది. దారం పాతది, నూనె పట్టి నల్లబడింది. తెగి పడి ఉంటుందని విచారణకి వచ్చినాయన అన్నాడు. అవునా అని త్రినాథరావు వైపు చూశాడు. త్రినాథరావు తల ఊపాడో లేదో కూడా గుర్తులేదు. కాగితం మీద సాక్షిగా సంతకం మాత్రం పెట్టాడు.

పోలమ్మకి చెప్పాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. ఛాయ పదో తరగతి పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నాడు. పోలమ్మ కడుపు ఆపరేషన్ నుంచి కోలుకున్నాక అనుకున్నాడు. ఊళ్ళో అక్క బతికుండగా వద్దనుకున్నాడు. అక్కా పోయింది. అడ్డం చెప్పుకోవడానికి ఎవరూ మిగలలేదు. ఏటేటా ఆ తేదీన పోలమ్మ తమ్ముడికి ఇష్టమైన చేపల పులుసు వండి, విస్తరి పక్కన కూర్చుని, ఆ దిక్కుమాలిన తాడు తెగకుండా ఉంటేనా అంటుంది. అతను అన్నం ముద్ద మింగుతాడు. భర్తగా ఆమెకి చేసిన అన్యాయం ఒకటీ, ఆమె వండింది తినడం ఇంకొకటీ. రెండోదే అతనికి ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

ఈసారి మాత్రం గట్టిగా అనుకున్నాడు. పిట్టపిల్లలు మూడూ ఎగిరిపోవాలి. ఆ రోజు తన చేత్తో కట్టిన ట్యాగు తన చేత్తోనే, లోపల ఎవరూ లేరని చూసుకుని, విప్పాలి. నాలుగో గీత మీద సమయం రాయాలి. రాసి, ఆ అట్టముక్క పట్టుకునే లోపలికి వెళ్ళి పోలమ్మ ముందు కూర్చోవాలి. పిట్టలకీ ఈ మాటకీ ఏం సంబంధమని ఎవరైనా అడిగితే అతను జవాబు చెప్పలేడు. మొక్కులాంటిదే. ఇంకో నాలుగు రోజులు అనుకుంటే భయంగానూ ఉంది, ఏదో తేలికగానూ ఉంది.

మిల్లులో ఆ రోజు కొత్తగా ఏమీ జరగలేదు. కొలిమి ముందు గాలి నీళ్ళలా వణుకుతోంది. ఎర్రటి కడ్డీలు పాముల్లా జారుకుంటూ పోతున్నాయి. ప్యానెల్ గదిలో ఫ్యాను వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. మధ్యాహ్నం క్యారియరు విప్పాడు గానీ రెండు ముద్దలకే వెగటు పుట్టింది. ఎడమ భుజం లాగుతోంది. రాత్రి పక్కకి తిరిగి పడుకున్నందువల్ల అయ్యుంటుందనుకున్నాడు.

మూడింటికి పది నిమిషాలుందనగా ఫోర్‌మన్ సాహు వచ్చాడు. వచ్చే షిఫ్టు ఎలక్ట్రీషియన్‌కి వాంతులట, రాడట. రావ్‌జీ, ఒక డబల్ కొట్టేయండి అన్నాడు. డబల్ అంటే ఇంకో షిఫ్టు, రాత్రి పదకొండు దాకా. ముప్ఫై ఒక్క ఏళ్ళలో త్రినాథరావు ఎన్నడూ కాదనలేదు. ఆ రోజు మాత్రం, ఇంటి దగ్గర కాస్త పనుంది సాబ్ అన్నాడు. సాహు చెడ్డవాడు కాదు. ఏం పని అని మర్యాదగానే అడిగాడు. ఏమని చెబుతాడు? పిట్టకి గొడుగు పట్టాలని చెబుతాడా? త్రినాథరావు సాహు మొహంలోకి చూసి, నేలవైపు చూసి, ఏం లేదు లెండి, ఉంటాను అన్నాడు.

ప్యానెల్ గదిలోకి ఫోను తీసుకెళ్ళకూడదు. గేటు దగ్గర డబ్బాలోంచి తన ఫోను తీసుకుని ఇంటికి చేశాడు. పోలమ్మ వెంటనే ఎత్తింది.

"డబలు పడింది. రాత్రి పదకొండవుద్ది."

"మరి ఈటి సంగతేటి? పిల్లలు నోళ్ళు తెరుసుకుని ఉన్నాయి మావా. నీడ అప్పుడే జరిగిపోతంది. గొడుగు నాను పట్టుకోనా?"

"వద్దు. నిన్ను సూస్తే తల్లి లేచిపోద్ది."

"పోనీ నీల్లు పొయ్యనా? మట్టి బీటలిచ్చీసింది."

ఒక్క మగ్గు నీళ్ళు. పోలమ్మ జాగ్రత్తగానే పోస్తుంది. కానీ పోయిన ఏడు మూడడుగులు కూడా ఆమె జాగ్రత్తగానే జరిపింది. ముడి విప్పిన తన చేతులు కూడా ఆ రోజు జాగ్రత్తగానే ఉన్నాయి. ట్యాగు వేలాడుతుండగా ఇంకొకళ్ళ చెయ్యి దాని మీదకి పోవడం అతను తలుచుకోలేకపోయాడు.

"వద్దు పోలీ. ట్యాగు నాది. నానొచ్చి పోస్తాను. నువ్వు ముట్టుకోకు."

"సర్లే."

అతను ఫోను పెట్టేయలేదు. గేటు బయట రోడ్డు మీద తారు మెరుస్తోంది.

"పోలీ. అవి ఎగిరిపోయాక నీకో మాట సెప్పాల."

"ఏటది?"

"అప్పుడు సెప్తాను."

"ఇప్పుడు సెప్తే ఏటి పోద్ది?"

"ఫోన్లో సెప్పీది కాదు."

పోలమ్మ నవ్వింది. ఏదైనా తినమనీ, ఉల్లిపాయ పారేయొద్దనీ చెప్పి పెట్టేసింది.

నాలుగు దాటాక నీళ్ళ పంపు మోటారు ఆగిపోయింది. దాని మీద ఇద్దరు ఫిట్టర్లు పనికి దిగారు. త్రినాథరావు స్విచ్చి ఆపి, ట్యాగు మీద పేరూ తేదీ సమయమూ రాసి, తీగతో మూడు మెలికలు తిప్పి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, స్టూలు మీద కూర్చున్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. ఇప్పుడు ఎండ సరిగ్గా గూట్లో ఉంటుంది. సీసాలో నీళ్ళు రెండు గుక్కలు తాగాడు. వేడిగా ఉన్నాయి. జేబులో ఉల్లిపాయ గుండెకి ఒత్తుకుంటోందేమో అనుకుని తీసి రిజిస్టరు మీద పెట్టాడు. ఒత్తుకోవడం తగ్గలేదు.

పని అయిందని చెప్పడానికి ఫిట్టరు వచ్చేసరికి త్రినాథరావు ప్యానెల్ తలుపుకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. రావ్ భయ్యా, కరెంటు ఇచ్చేయండి అని రెండుసార్లు చెప్పి, మూడోసారి భుజం మీద చెయ్యి వేశాడు.

మిల్లు జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలోనే పోయాడో, స్టూలు మీదే పోయాడో డాక్టరు చెప్పలేదు. అక్కడ మిల్లు కొలిమిలో ఇనుము ఎర్రగా కాగి సిద్ధంగా ఉంది. పంపు తిరిగితే గానీ మిల్లు నడవదు. స్విచ్చికి ట్యాగు వేలాడుతోంది, కట్టినవాడు లేడు. సాహు కాసేపు దాని ముందు నిలబడ్డాడు. ఫిట్టర్లిద్దర్నీ ఎదురుగా నిలబెట్టి లెక్క చూసుకున్నాడు, మోటారు దగ్గరికి వెళ్ళి స్వయంగా చూసొచ్చాడు. తరవాత కటింగ్ ప్లయర్‌తో మూడు మెలికల్నీ ఒక్క కొరుకుడులో తెంపాడు. అయిదింటికి మిల్లు మళ్ళీ నడిచింది. అందులో ఎవరి తప్పూ లేదు. ట్యాగు మాత్రం చెత్తడబ్బాలోకి పోయింది.

కబురు వచ్చేసరికి పోలమ్మ గడపలో కూర్చుని గూడు వైపే చూస్తోంది. తల్లిపిట్ట నోరు తెరుచుకుని, రెండు రెక్కలూ విప్పి పిల్లల మీద గొడుగులా నిలబడి ఉంది. రెండు గంటల నుంచీ అలాగే ఉంది. దాన్ని చూసి పోలమ్మకి మొగుడి మీద కోపం కూడా వచ్చింది. నాలుగు మెతుకుల కోసం ఈ డబల్ డ్యూటీలు ఎందుకని, వచ్చాక గట్టిగా అడగాలనుకుంది.

మర్నాడు పొద్దున్నే దహనం అయిపోయింది. విజయనగరం వైపు నుంచి చుట్టాలు రైలు దిగారు. రెండు గదుల్లో పన్నెండు మంది. మైల పట్టిన ఇంట్లోవాళ్ళు తులసిని ముట్టకూడదు కాబట్టి మొక్కల పని పక్కింటి దుర్గాదేవి చేతిలోకి తీసుకుంది. ఆమె భర్తా మిల్లు మనిషే. రోజూ పొద్దున్నే వచ్చి బకెట్లన్నిటికీ నీళ్ళు పోసేది. మొదటి రోజు మందార దగ్గరికి వచ్చి, ఎర్ర ట్యాగు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. గడపలో ఉన్న పోలమ్మ వైపు చూసింది. పోలమ్మ తల అడ్డంగా ఊపింది. దుర్గాదేవి మగ్గుతో పక్క మొక్కకి జరిగింది.

మూడు పిల్లల్లో రెండు మొదటి సాయంత్రమే చనిపోయాయి. మూడోదానికి తల్లి ఏవేవో పురుగులు తెస్తూనే ఉంది. ఆకులు మెత్తబడి, మసితో సహా పసుపు రంగుకి తిరిగి, ఒక్కొక్కటే గచ్చు మీద రాలాయి. నీడ కోసం ఆకుల్లో కట్టుకున్న గూడు అందరికీ కనబడేలా బయటపడింది. రెండో రోజు సాయంత్రం ఛాయ మగ్గు పట్టుకుని లేచింది. ఆమె ఏడవడం మానేసి చాలాసేపయింది.

"అమ్మా, ఒక్క మగ్గు పోస్తే క్యా హోగా? పాపా కోసమే కదా."

పోలమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న వద్దన్నాడు. ఆకరి మాట అదే. నా తమ్ముడి ట్యాగు ఊడిపోబట్టే గదా ఆడు పోయినాడు. ఈ ఇంట్లో ఇంకో ట్యాగు ఊడకూడదు."

ఛాయ మగ్గు కింద పెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం కాకి వచ్చింది. పోలమ్మ గడపలోంచే అదిలించింది, లేచి వెళ్ళలేదు. తల్లిపిట్ట గోడ మీద వాలి సాయంత్రం దాకా అరిచింది.

పన్నెండో రోజు అయ్యాక చుట్టాలు రైలెక్కారు. మిల్లు వాళ్ళు అతని క్యారియరూ సైకిలూ ఉల్లిపాయా తెచ్చి ఇచ్చారు. ఉల్లిపాయ మొలకెత్తింది. పోలమ్మ దాన్ని పారేయడానికి మనసొప్పక ఖాళీ డబ్బాలో మట్టిపోసి పెట్టింది.

ఇప్పుడు మధ్యాహ్నం పూట ఆమె ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. పిట్టలు ఎగిరిపోయాక చెబుతానన్న మాట ఏమై ఉంటుందని ఆలోచిస్తుంది. ఛాయకి సంబంధం ఏదైనా చూశాడేమో. ఊరెళ్ళి ఉండిపోదాం అనాలనుకున్నాడేమో. ఇంత మంచి మనిషి చెప్పడానికి అంత వెనకాడిన మాట ఏముంటుంది? ఒక్కోటీ తీసి చూస్తుంది, ఏదీ అతికినట్టుండదు. ఎంత ఆలోచించినా ఆమెకి ఆ మాట దొరకదు. చెప్పగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఎండిన బకెట్ తీసేస్తే చోటు కలిసొస్తుందని ఇంటి యజమానులు అన్నారు. పోలమ్మ ఉండనీయమంది. మొదటి వానలకి మల్లె చిగిర్చింది, కనకాంబరం పూసింది. మందార పుల్లలుగా మిగిలింది. వాన దుమ్మంతా కడిగేసింది గానీ ట్యాగు మీది అక్షరాల్ని ఏమీ చేయలేదు. తీగ తుప్పు పట్టి కొమ్మని ఇంకా గట్టిగా పట్టుకుంది. గాలికి ఎర్ర అట్టముక్క అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది. కుదురైన చేతిరాతతో పేరుంది, తేదీ ఉంది, కట్టిన సమయం ఉంది. దాని కింది గీత ఖాళీగా ఉంది.